అలైన్‌మెంట్ చేయించినా పికప్ ఒక పక్కకే లాగుతోందా? ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు చక్రాలను సరిచేసుకునే పద్ధతి

పికప్ ఉన్నవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "అలైన్‌మెంట్ చేయించి వారం కాలేదు, బండి మళ్ళీ ఎడమకే లాగుతోంది. ఇంకో చోట చేయించమంటారా?" వద్దు. ఇంకో చోటికి వెళ్ళినా ఖర్చు అవుతుందే తప్ప ఫలితం మారదు. అరిగిన బాల్ జాయింట్ (చక్రాన్ని పట్టి ఉంచే గుండ్రటి కీలు), చిరిగిన బుష్ (కీళ్ళ దగ్గరి రబ్బరు), కుంగిపోయిన స్ప్రింగు బండిలో ఉండగా ఎంత ఖరీదైన మిషన్ మీద సరిచేసినా ఆ కొలత మొదటి గుంత దాకానే నిలుస్తుంది. మొదట భాగాలు చూడాలి, ఆ తర్వాతే కొలతలు. ఈ వరస పాటిస్తే చాలాసార్లు మిషన్ దాకా వెళ్ళాల్సిన పనే ఉండదు.

అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయడం. అందులో తెలుసుకోవాల్సిన మాటలు మూడే. బండిని పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాలు ముక్కులు దగ్గరికి తిప్పుకొని ఉంటే టో-ఇన్, విడిపోయి ఉంటే టో-అవుట్. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం బయటికో లోపలికో వాలడం క్యాంబర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ నిలువు ఇరుసు మీద పక్కకు తిరుగుతుందో అది, పక్కనుంచి చూసినప్పుడు వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడానికి ఈ క్యాస్టరే ముఖ్య కారణం. టో ఇంటి దగ్గర సరిచేసుకోవచ్చు. మిగతా రెండింటికీ మిషన్ కావాలి.

మీ బండి ఏ రకం?

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ వంటివాటికి ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి. ఒక్కో చక్రాన్ని ఛాసిస్‌కు కలుపుతూ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. కొన్ని పాత పికప్‌లలో కాయిల్ స్ప్రింగు బదులు, మెలిపడి స్ప్రింగులా పనిచేసే పొడవాటి టార్షన్ బార్ ఉంటుంది. పాత జీపులు, జిప్సీలు, గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామంది నడిపే ల్యాండ్ క్రూజర్ 79 పికప్ వీటికి భిన్నం. వాటికి ముందు కూడా ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి రకం గురించి. గట్టి యాక్సిల్ బండ్ల సంగతి తర్వాత వేరుగా చెబుతాను.

కావలసినవి

- బండి బరువుకు తగిన జాకీ, రెండు జాకీ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డం పెట్టే చెక్క మొద్దులు
- టైరు గాలి కొలిచే గేజి, మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు, టేపు
- తాపీ మేస్త్రీలు వాడే సన్నటి నైలాన్ దారం, దాన్ని బిగించి కట్టడానికి నాలుగు స్టాండ్లు. ఇటుకల దొంతరలో నిలబెట్టిన ఇనుప చువ్వలైనా సరే
- టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) లాక్ నట్టుకు సరిపడే స్పానర్లు, టార్క్ రెంచ్, గడ్డపార లాంటి చిన్న ప్రై బార్
- తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్, సుద్ద లేదా పెయింట్ మార్కర్
- రెండు చక్రాల కింద పరవడానికి నాలుగు పలుచటి రేకు ముక్కలు, మధ్యలో రాయడానికి గ్రీజు
- మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోని అలైన్‌మెంట్ కొలతలు

చివరిది దొరకలేదని పని ఆపనవసరం లేదు. ఆ కొలతలు మిషన్ ఉన్న షాపు కంప్యూటర్‌లో ఉంటాయి. అడిగి రాసుకోండి.

1. రోడ్డు మీద లక్షణం గుర్తించండి

మొదట ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ లేదా స్విచ్ 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి అందే స్థితిలో) ఉందో లేదో చూడండి. ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్ల బోలెడన్ని బండ్లు అనవసరంగా అలైన్‌మెంట్ షాపుకు చేరుతున్నాయి. ముందు, వెనక యాక్సిళ్ళను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని పికప్‌ను 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే స్థితిలో) పెట్టి ఎండిన తారు రోడ్డు మీద నడిపితే ముందు, వెనక యాక్సిళ్ళు ఒకదాన్నొకటి లాగుకుంటాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో బండి బిగుసుకుంటుంది, టైర్లు అరుగుతాయి. ఇది అలైన్‌మెంట్ లోపం కాదు. ముందు చక్రాలను యాక్సిల్‌కు కలపడానికి, విడదీయడానికి చేత్తో తిప్పే హబ్ లాక్‌లు ఉన్న పాత బండి అయితే రెండు వైపులా ఫ్రీలో ఉన్నాయో లేదో దిగి చూడండి.

ఇక రోడ్డు వాలు. నీళ్ళు పోవడానికి మన రోడ్లు సాధారణంగా ఎడమ అంచు వైపు వాలి ఉంటాయి. అందుకే బాగున్న బండి కూడా నెమ్మదిగా ఎడమకు జరుగుతుంది. కుడి పక్కన నడిపే గల్ఫ్ దేశాల్లో ఇది కుడికి ఉంటుంది. కాబట్టి పరీక్షకు విశాలంగా, చదునుగా, ఖాళీగా ఉన్న చోటు వెతకండి. స్టీరింగ్‌ను వదిలేయకుండా రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకొని, 40-50 కి.మీ. వేగంలో గమనించండి. బ్రేకు వేసినప్పుడే లాగుతోందా? అయితే అది బ్రేకు సమస్య. పది నిమిషాలు నడిపాక రెండు ముందు రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి, తాకకండి. ఒక పక్క వేడి బాగా ఎక్కువగా ఉంటే బ్రేకు కాలిపర్ పట్టేసి వదలడం లేదని అర్థం.

2. టైర్లను నేరస్థుల జాబితాలోంచి తప్పించండి

చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్లలోనూ గాలి సరిచేయండి. ముందు రెండు టైర్లు ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. తర్వాత ముందు ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకు మార్చి మళ్ళీ నడపండి. ఎడమకు లాగే బండి ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైరుది. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే పక్కలు మార్చకుండా, అదే పక్కన ముందుది వెనక్కి వేసి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. షాపుల్లో దీన్ని చేసేవాళ్ళు అరుదు కాబట్టి మీరే చేసుకోవాలి.

అరుగుదల కూడా చాలా చెబుతుంది. ఒక టైరు లోపలి అంచో బయటి అంచో మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్ మీద అనుమానం. అరచేతిని టైరు మీద అడ్డంగా నిమరండి. లోపలి నుంచి బయటికి జరిపినప్పుడు రంపపు పళ్ళలా గరుకుగా, బయటి నుంచి లోపలికి నున్నగా తగిలితే టో-ఇన్ ఎక్కువ. దానికి తిరగబడితే టో-అవుట్. రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువతో నడిచిన బండి అది.

3. వదులు వెతకండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. చదును నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు మొద్దులు పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉంటే గేరు వేసినా బండి ఆగదు, అది చూసుకోండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు.

స్ప్రింగు లేదా టార్షన్ బార్ కింది ఆర్మ్ మీద బరువు మోపే బండిలో జాకీని ఛాసిస్ కింద కాదు, కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు ఒత్తిడి బాల్ జాయింట్‌ను బిగించి ఉంచుతుంది, అరిగినా కదలదు. "చెక్ చేశాను, బాగానే ఉంది" అని చెప్పిన బండ్లలో అరిగిన జాయింట్లు బయటపడేది ఈ తేడా వల్లే.

చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపండి. వదులు తెలిస్తే ఇంకొకరిని బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టమనండి. వదులు మాయమైతే అది చక్రం బేరింగ్‌ది. అలాగే ఉంటే బాల్ జాయింట్‌ది. తర్వాత చక్రాన్ని ఎడమ, కుడి అంచుల దగ్గర పట్టుకొని ఊపండి. ఇక్కడ వదులు ఉంటే టై రాడ్ ఎండ్‌ది, లేదా రాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్‌లను అటూ ఇటూ జరిపే భాగం) లోపలి జాయింట్‌ది. రాక్ చివర ముడతల తొడుగులా ఉండే బెల్లోస్ రబ్బరు మీద చేయి వేసి ఉంచి ఊపితే లోపలి జాయింట్ టక్కుమనడం చేతికే తెలుస్తుంది. చివరిగా ప్రై బార్‌తో ఆర్మ్ బుష్‌లను కొద్దిగా కదిపి చూడండి. రబ్బరు పైన సన్నటి గీతలు ఉండటం మామూలే. లోహం నుంచి రబ్బరు ఊడివస్తే మాత్రం మార్చాలి. రాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బుష్‌లను కూడా చూడండి. ఇంజిను ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే రాక్ మొత్తం పక్కకు జరగకూడదు. దీనికి మాత్రం చక్రాలు నేల మీదే ఉండాలి. మీరు పక్కనుంచి చూడండి, కిందికి దూరకండి.

ఏదైనా వదులు దొరికితే ఇక్కడే ఆగి, ఆ భాగం మార్చాకే ముందుకు వెళ్ళండి. కొత్త బాల్ జాయింట్‌కు స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టును కొంచెం బిగించి కలపాలే గాని వదులు చేసి కలపకూడదు. పాత పిన్‌ను మళ్ళీ వాడకూడదు.

4. ఎత్తు, వెనక యాక్సిల్ చూడండి

నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలవండి. ముందు రెండు పక్కలా 10 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ముందు ఆ సంగతి తేల్చాలి. టార్షన్ బార్ బండి అయితే దాని సర్దుబాటు బోల్టుతో ఎత్తు సరిచేయవచ్చు. అయితే ఆ బోల్టు మీద విపరీతమైన బిగువు ఉంటుంది, బరువు దించకుండా తిప్పితే గాయాలవుతాయి. అనుభవం లేనివాళ్ళు ఈ పని మెకానిక్‌కు అప్పగించండి. ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి. అందుకే టో సరిచేశాక ఎత్తు ముట్టుకుంటే పని మొదటికి వస్తుంది.

ముందు స్టీలు బంపరు, వించ్ బిగించినవాళ్ళు, లిఫ్ట్ కిట్ వేయించినవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. బరువు పెరిగితే ముందు భాగం కుంగుతుంది. లిఫ్ట్ చేస్తే క్యాస్టర్ సాధారణంగా తగ్గుతుంది, అప్పుడు మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు, హైవే మీద బండి తేలినట్టు ఉంటుంది. ఎక్కువ లిఫ్ట్‌కు కంపెనీ ఇచ్చిన సర్దుబాటు చాలదు, వేరే అప్పర్ ఆర్మ్‌లు కావాలి. లిఫ్ట్ వేసిన షాపు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

ఇప్పుడు ఎడమ పక్క ముందు హబ్ నుంచి వెనక హబ్ దాకా, అలాగే కుడి పక్క కొలవండి. స్టీరింగ్ నేరుగా ఉండాలి. తేడా కొన్ని మి.మీ. మించితే బండి కింద కమాన్ పట్టీలను చూడండి. బరువులు మోసిన పికప్‌లలో పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు విరగడం, యూ బోల్టులు వదులవడం వల్ల వెనక యాక్సిల్ ఒక పక్క జరిగిపోతుంది. అప్పుడు ముందు చక్రాలు ఎంత సరిగా ఉన్నా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది.

5. దారంతో టో కొలవండి

రోజూ బండిలో ఉండే బరువు అలాగే ఉంచండి. ఎప్పుడూ పనిముట్ల పెట్టెతో తిరిగే బండిని ఖాళీ చేసి కొలవడంలో అర్థం లేదు. చదును నేల మీద బండిని నాలుగు మీటర్లు ముందుకు నడిపి, బంపరు పట్టుకొని రెండుసార్లు ఊపండి. స్టీరింగ్‌ను నేరుగా పెట్టి, కదలకుండా సీటుకు కట్టేయండి.

బండికి రెండు పక్కలా హబ్ ఎత్తులో దారం లాగి కట్టండి. ఎడమ వెనక హబ్ మధ్య నుంచి దారం ఎంత దూరమో కుడి వెనక కూడా అంతే ఉండాలి. ముందు హబ్‌లకూ అలాగే. ముందు, వెనక చక్రాల మధ్య వెడల్పు వేరుగా ఉండవచ్చు కాబట్టి ముందు కొలత, వెనక కొలత ఒకటి కానక్కరలేదు. చివరిగా రెండు దారాల మధ్య దూరం బండి ముందూ, వెనకా సమానంగా ఉండాలి. దీనికి ఓపిక కావాలి. ఇక్కడ తొందరపడితే తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు ముందు చక్రం రిమ్ము అంచు నుంచి దారం దాకా కొలవండి, హబ్ ఎత్తులో, ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి. ముందు కొలత ఎక్కువైతే ఆ చక్రం టో-ఇన్. టైరు ఉబ్బు మీద కొలవకండి, రిమ్ము దగ్గరే కొలవండి. రిమ్ము వంకరపోయి ఉంటే ఈ కొలత మోసం చేస్తుంది. అనుమానం ఉంటే బండిని చక్రం సగం చుట్టు తిరిగేంత జరిపి, దారాన్ని మళ్ళీ సరిచూసి, రెండోసారి కొలిచి సగటు తీయండి.

ఒక ఉదాహరణ చూడండి. ఎడమ చక్రం వెనకవైపు 112, ముందువైపు 115 మి.మీ.; కుడి చక్రం వెనకవైపు 110, ముందువైపు 109. అంటే ఎడమది 3 మి.మీ. టో-ఇన్, కుడిది 1 మి.మీ. టో-అవుట్. మొత్తం టో-ఇన్ 2 మి.మీ. మొత్తం మీద చూస్తే బాగానే ఉంది. కానీ స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు రెండు చక్రాలూ కుడికి చూస్తున్నాయి. అందుకే ఈ బండి నేరుగా పోవాలంటే స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు తిప్పి పట్టుకోవాలి. "టో కరెక్టే, స్టీరింగే వంకర" అనే బండ్ల కథ ఇదే. ఎడమ పక్క 2 తగ్గించి, కుడి పక్క 2 పెంచితే రెండూ 1 మి.మీ. టో-ఇన్‌కు వస్తాయి.

ఎంత ఉండాలన్నది మీ మాన్యువల్ చెప్పాలి. చాలా పికప్‌లకు మొత్తం టో సున్నా నుంచి 2 మి.మీ. టో-ఇన్ మధ్య ఉంటుంది. మాన్యువల్ డిగ్రీల్లో ఉంటే, 17 అంగుళాల రిమ్ము మీద 1 మి.మీ. సుమారు 0.13 డిగ్రీ.

6. టై రాడ్ సరిచేయండి

1. వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, స్ప్రే కొట్టి నాననివ్వండి.
2. లాక్ నట్టు, టై రాడ్ కలిసే చోట పెయింట్ గీత గీయండి. గాబరాపడి లెక్క తప్పితే వెనక్కి రావడానికి ఇదే ఆధారం.
3. చక్రాల కింద గ్రీజు పూసిన జంట రేకులు ఉండాలి. లేకపోతే చక్రం నేలకు అతుక్కొని టైరు మెలితిరుగుతుంది, మీరు చేసిన మార్పు కొలతలో కనిపించదు.
4. టై రాడ్ ఎండ్‌ను ఒక స్పానర్‌తో కదలకుండా పట్టి, లాక్ నట్టు వదులు చేయండి. బెల్లోస్ రబ్బరు క్లిప్పును కూడా వదులు చేయాలి. లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది, దుమ్ము లోపలికి పోయి రాక్ పాడవుతుంది.
5. రాడ్‌ను పావు చుట్టు మాత్రమే తిప్పండి. సుమారు 1 మి.మీ. మారుతుంది. కొలవండి. మళ్ళీ పావు చుట్టు.
6. లాక్ నట్టును మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. బిగించేటప్పుడు రాడ్ తిరగకూడదు. మళ్ళీ కొలవండి.

ఎటు తిప్పాలి? రాక్ యాక్సిల్‌కు వెనక ఉంటే రాడ్ పొడవు పెంచినప్పుడు టో-ఇన్ పెరుగుతుంది, ముందు ఉంటే తగ్గుతుంది. కిందికి వంగి చూస్తే మీ బండిది ఏదో తెలిసిపోతుంది.

స్టీరింగ్ వంకరగా ఉందని స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి పళ్ళు మార్చి బిగించేవాళ్ళున్నారు. దయచేసి చేయనివ్వకండి. ఎయిర్ బ్యాగ్ తీగలు దెబ్బతింటాయి, రాక్ మధ్యలో ఉండదు, బండి ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా తిరుగుతుంది. వంకర సరిచేయాల్సింది రెండు టై రాడ్‌ల దగ్గరే.

7. క్యాంబర్, క్యాస్టర్ కోసం మిషన్ మీదికి

హైలక్స్ లాంటి బండ్లలో కింది ఆర్మ్‌కు, తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపే రెండు క్యామ్ బోల్టులు ఉంటాయి. రెండింటినీ ఒకే వైపు జరిపితే ప్రధానంగా క్యాంబర్, ఎదురెదురుగా జరిపితే క్యాస్టర్ మారతాయి. కొన్ని పాత బండ్లలో పై ఆర్మ్ దగ్గర పలుచటి షిమ్‌లు వేసి, తీసి సరిచేస్తారు. మిషన్ మీద వరస ఎప్పుడూ ఒకటే: ముందు క్యాస్టర్, తర్వాత క్యాంబర్, చివరికి టో. మొదటి రెండూ మారితే టో కూడా మారుతుంది కాబట్టి, అవి సరిచేయాల్సిన బండికి టో ముందు సరిచేసి లాభం లేదు.

బండి క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా (చక్రం పైభాగం బయటికి వాలి) ఉన్న పక్కకు, క్యాస్టర్ తక్కువగా ఉన్న పక్కకు లాగుతుంది. రెండు పక్కల మధ్య తేడా అర డిగ్రీ దాటకుండా చూడమనండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో ఈ క్యామ్ బోల్టులు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. రెండు రోజుల ముందు నుంచే స్ప్రే కొట్టి నానబెట్టి తీసుకెళ్ళండి. కదలకపోతే బలవంతం చేయించకుండా బోల్టు, బుష్ కొత్తవి వేయించడమే నయం. హైడ్రాలిక్ జాకీతో భాగాలను వంచి క్యాంబర్ తెప్పించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. పికప్‌కు దాన్ని ఒప్పుకోవద్దు. వంచిన లోహం బలం కోల్పోతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది.

షాపులో నిలబడి చూడాల్సినవి ఇవి. మిషన్ మీద మీ మోడల్, మీ డ్రైవ్ రకమే ఎంచుకున్నారా? క్యాస్టర్ కొలిచే ముందు, ముందు చక్రాల కింద ఉండే తిరిగే పళ్ళేల పిన్నులు తీశారా? పని ముందు, పని తర్వాత అంకెలున్న ప్రింటు రెండూ అడగండి. క్యామ్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

గట్టి యాక్సిల్ ఉన్నవాళ్ళకు

ఇక్కడ మామూలుగా సరిచేసేది టో ఒక్కటే, అదీ రెండు చక్రాలను కలిపే పొడవాటి టై రాడ్ దగ్గర. స్టీరింగ్ వంకరను డ్రాగ్ లింక్ (స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ)తో సరిచేస్తారు. కమాన్ పట్టీలుంటే క్యాస్టర్‌కు పట్టీల కింద ఏటవాలు దిమ్మలు పెట్టే పద్ధతి ఉంది. గుంత తగలగానే ముందు భాగమంతా వణికిపోతే టై రాడ్ ఎండ్‌లు, నకిల్ బేరింగులు (చక్రం పక్కకు తిరిగే చోటివి), పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ఉంటే దాని బుష్‌లు చూడండి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్) వేస్తే వణుకు కొన్నాళ్ళు దాక్కుంటుంది, కారణం పోదు.

ఫలితం సరిచూసుకోవడం

జాకీ దించిన వెంటనే కొలిచి "టో తప్పింది" అని కంగారుపడకండి. దించిన చక్రం లోపలికి ముడుచుకొని ఉంటుంది. నాలుగు మీటర్లు నడిపాకే కొలవండి. తర్వాత చదును చోట 2హెచ్‌లో నడిపి చూడండి. స్టీరింగ్ మధ్యలో ఉండాలి, మలుపు తర్వాత తనంతట తిరిగి రావాలి. రెండు టై రాడ్‌ల మీద బయటికి కనిపించే మరల పొడవు దాదాపు సమానంగా ఉండాలి. బాగా తేడా ఉంటే రాక్ మధ్యలో లేదని లేదా ఏదో భాగం వంగిందని అనుమానించాలి.

సర్దుబాటు తర్వాత ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లైటు వెలిగితే స్టీరింగ్ కోణం సెన్సర్‌ను స్కానర్‌తో సున్నాకు తేవాలి. ఇది సర్వీసు సెంటరులో అయ్యే చిన్న పని.

ఇరవై, ముప్పై కి.మీ. నడిపాక దారం మళ్ళీ కట్టి ఒకసారి కొలవండి, లాక్ నట్టుల పక్కన కొత్త పెయింట్ గీత పెట్టండి. రెండు వారాల తర్వాత కిందికి వంగి ఆ గీతలు కలిసే ఉన్నాయో లేదో చూడండి. అప్పుడే టైరును అరచేత్తో మళ్ళీ నిమరండి. పాత గరుకు కొన్నాళ్ళు ఉంటుంది, కానీ కొత్తగా పదును పెరగకూడదు.